నచ్చిన గ్రహం

టెలిస్కోపులు ఇంటింటికీ వచ్చాక ఆకాశం గురించి నేర్చుకోవడం తేలికైపోయింది. చేత్తో తిప్పే పని లేదు, తిప్పినా తిరగవు. చూసేవాళ్ళ కంటిపాపను కనిపెట్టి, నచ్చినదాన్నే అవి మళ్ళీ మళ్ళీ చూపిస్తాయి. మొదటిరోజు శని వలయాలు చూసి హైమావతి ఊపిరి బిగబట్టింది. అంతే, అప్పటినుంచీ ఏది చూపించమన్నా అది శని దగ్గరికే వెళ్ళి ఆగుతోంది.

"ఎవరికైనా ఏలినాటి శని ఏడున్నరేళ్ళే. నీకు మాత్రం వదిలేలా లేదు," అని భర్త విశ్వేశం నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి. ఆకాశంలోకి తోకచుక్క వచ్చింది. ఈ వారం దాటితే అది మళ్ళీ నా జన్మలో రాదు."

వీధిదీపాలకు ఆకాశం తెల్లబారిపోయిన ఆ ఊళ్ళో అది ఉత్త కంటికి ఆనదు. శని మీద ఇష్టం పోయిందని యంత్రాన్ని నమ్మించాలి. రోజూ చీకటిపడగానే డాబా మీద కూర్చుని, గోడను చూసినట్టు శనిని చూడటం సాధన చేసింది. వలయాలు మెరిసినప్పుడల్లా ఉతకాల్సిన దుప్పట్ల గురించి ఆలోచించింది. లోపల ఏదైనా కదలబోతే అక్కడే తొక్కిపెట్టింది.

ఆఖరి సాయంత్రం గొట్టం మెల్లగా పడమటికి తిరిగింది. పొడుగాటి తోకతో, లేతగా, తోకచుక్క వచ్చి నిలిచింది.

హైమావతి చూసింది. దుప్పట్లు గుర్తొచ్చాయి.

"ఇది మీకు నచ్చినట్టు లేదు. మొదట నచ్చినదే చూద్దాం," అంటూ టెలిస్కోపు మర్యాదగా కదిలింది.

"ఆగు! నచ్చింది, నచ్చిందే తల్లీ!" అంటూ ఆమె గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది. అది మాటలు నమ్మదు, కళ్ళనే నమ్ముతుంది. ఏడుపు తన్నుకొచ్చి ఆ కళ్ళు నిండేసరికి ఎదురుగా శని ఉంది.

టెలిస్కోపు అక్కడే ఆగిపోయింది.