లీటరుకు ఎంత?

మణుగూరు బొగ్గుగనిల పనిచేసే సమ్మయ్యకు ఎనభై తొమ్మిది మోడల్ స్కూటర్ ఉంది. పదిహేనేండ్ల బండి. డ్యూటీకి బస్సుల పోతడు, ఆదివారాలే దాన్ని తీస్తడు. అయినా వారం తిరక్కుండనే పెట్రోల్ అయిపోతున్నది. స్టార్ట్ కావాలంటే ఇరవై కిక్కులు కొట్టాలె. మెకానిక్ ప్లగ్ మార్చిండు, కార్బురేటర్ కడిగిండు. ఫాయిదా లేదు.

"పెట్రోల్ తాగే దయ్యమిది, అమ్మేస్త" అని సమ్మయ్య ఒకరోజు సెలవు పెట్టి, కొనేటాయనను ఇంటికి పిలిచిండు.

ఆయన ముందల సమ్మయ్య కిక్కు కొట్టీ కొట్టీ చెమటలు కక్కిండు. బండి దగ్గుతున్నది గాని లేస్తలేదు.

లోపల్నుంచి భార్య మధులత వచ్చింది. "చోక్ లాగి గట్లనే వదిలేస్తవు. ప్లగ్ తడవదా?" అని చోక్ మూసి, ఒక్క కిక్కు కొట్టింది. బండి లేచింది.

సమ్మయ్య మొఖం వెలిగింది. "చూసినవా తమ్మీ! ఆడమనిషి కొట్టినా స్టార్టయితది. ముందుగాల చెప్పిన రేటుకు ఇగ ఇయ్యను."

"లీటరుకు ఎంతిస్తదన్నా?"

సమ్మయ్య నసుగుతుంటే మధులతే చెప్పింది. "నలభై ఐదు."

"నీకెట్ల తెలుసే?"

"నువ్వు డ్యూటీకి పోయినంక దినాం అశ్వాపురం దిక్కు పోయొస్తున్న. గూడేల ఆడోళ్లకు కుట్టుడు నేర్పుతున్న, ఆర్నెల్లాయె. ఇయ్యాల గూడ టైమైతున్నది."

కుచ్చిళ్లు బొడ్డుల దోపుకొని, స్కూటరెక్కి వెళ్లిపోయింది.

కొనేటాయన నవ్వాపుకుంటూ అరుగు మీద కూసున్నడు. ఆయనకు చాయన్నా పెడదామని సమ్మయ్య లోపలికి పోయి, చక్కెర డబ్బా ఎక్కడుందో శానసేపు వెతికిండు.