ముతుప్ వస్తాడు

కనుమ కనిపిస్తోందనగా పల్జోర్ మళ్ళీ కూలబడ్డాడు.

"ఈ వయసులో ఈ ఎక్కడం నీకెందుకు తాతా?" అంది కుంజెస్. ఆమె హిమాలయాల్లోని ఆ జంస్కార్ సీమలోనే పక్క లోయ పిల్ల. పట్నం నుంచి వచ్చిన యాత్రికులకు దారి చూపిస్తూ కనుమ దాటిస్తోంది. ముసలాయన పొద్దున ఊరి చివర వాళ్ళతో కలిశాడు.

"పనుందమ్మా. ముతుప్‌తో."

"ఎవరాయన?"

"పక్కింటివాడు. మా రెండిళ్ళకూ దేవత ఒక్కటే. పురుడైనా పెళ్ళైనా ఒకరి గడపలో ఒకరు నిలబడాల్సిందే. మాటలు మాత్రం లేవు."

ఒక చలికాలం పల్జోర్ భార్య యాంగ్చెన్‌కు జబ్బు ముదిరింది. ఆసుపత్రి కనుమకు అవతల. ఆ మంచులో గుర్రం నడవదు. మనిషే వీపున మోయాలి. ఒక్కడి వల్ల కాదు. పల్జోర్ వెళ్ళి ముతుప్ కాళ్ళు పట్టుకున్నాడు.

"నీ పెళ్ళాన్ని మోయడానికి నేనేం గాడిదనా?" అన్నాడు ముతుప్, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే.

పల్జోర్ ఒక్కడే మోశాడు. సగం దారిలో వీపు మీద మూలుగు ఆగి, బరువు మారింది.

"వాణ్ణి వదలను," అన్నాడిప్పుడు. "రేపు కనుమ మీదికి రమ్మని కబురంపాను."

"వస్తానన్నాడా?"

"నా బూటు కూడా రాదు పొమ్మన్నాడు. వస్తాడు. రాక చస్తాడా!"

కుంజెస్ నవ్వింది. "నాలుగడుగులకోసారి ఆయాసపడుతున్నావు. నీకు కొట్లాటొకటా?"

"నాకేం? మొన్న వైద్యుడు నాడి చూశాడు. మందేం అక్కర్లేదు, ఇష్టమైంది తినమన్నాడు. అప్పట్నుంచీ వెన్న ముద్దలకు ముద్దలు మింగుతున్నా. చూడు, ఎలా బలిశానో!"

కనుమ మీద గాలి ప్రార్థన జెండాలను చీల్చేస్తోంది. "దేవతలదే గెలుపు!" అని అరిచి అందరూ రాళ్ళకుప్ప మీద తలో రాయి వేశారు. పల్జోర్ మాత్రం వంగి రాళ్ళు ఏరుతున్నాడు. నున్నటివి, బరువైనవి. ఒక్కొక్కటే అంగీ రొమ్ములోకి జారుస్తున్నాడు.

"అందరూ వేస్తుంటే నువ్వు ఏరుకుంటావేంటి?"

"ఇవి ముతుప్‌కి."

"అయ్యో, తల పగులుతుంది తాతా! పాపం కాదూ?"

"తలకు కాదులే," అన్నాడు పల్జోర్, నడికట్టును ముడి మీద ముడి వేసి బిగిస్తూ.

యాత్రికుల్లో ఒకడు తలనొప్పితో వాంతి చేసుకున్నాడు. ఇక అక్కడ ఆగడానికి లేదు.

"నువ్వూ మాతో దిగు తాతా."

"కాపర్ల రాతి గుడిసె ఉందిగా, పడుకుంటాను. నన్ను దించడానికి ముతుప్ ఉన్నాడు. తెల్లారి గుర్రాలవాళ్ళు మా ఊరికే దిగుతారు, వాళ్ళు చెబుతారు వాడికి." తన పేలపిండి సంచి ఆమె చేతిలో పెట్టాడు. "దారిలో తినండి. పో తల్లీ."

ఆమె వెనక్కి తిరిగి చూసినప్పుడు ముసలాయన ఊరివైపు చూస్తూ నవ్వుకుంటున్నాడు.

మర్నాడు ముతుప్ వచ్చి, ఒకే దేవత ఇంటివాడు తప్ప మరొకడు మోయకూడని, లామా చూసేదాకా నడికట్టు విప్పకూడని శవాన్ని వీపున కట్టుకుని, అడుగడుగుకూ మూలుగుతూ ఒక్కడే ఊరిదాకా దిగాడు.