రాక్షసికి కథెందుకు?

తమ్ముడు కథ కల్పించి బల్ల మీద పాచికతో నడిపిస్తున్న ఆటలో అక్క కత్తి రాక్షసి మెడ మీద ఉంది. పాచిక ఒక్కసారి వేస్తే ఆ మెడ తెగిపోతుంది.

“ఆగక్కా! ముందు దాని కథ విను. అది పిల్లల్ని గుహలో వదిలేసి వెళ్ళిపోయింది.”

“రాక్షసికి కథెందుకురా? చంపడానికి పుట్టుపూర్వోత్తరాలు కావాలా?” అక్క గుప్పిట్లో పాచిక ఆడించింది.

“వెళ్ళేటప్పుడు అది వెనక్కి తిరిగి చూసిందో లేదో నాకు తెలీడం లేదు. నువ్వే చెప్పాలి.”

“ఆట నీది. నన్నడుగుతావేం?”

“అమ్మ వెళ్ళిపోయిన రోజు నేను ఉయ్యాల్లో ఉన్నాను. కిటికీ దగ్గర నిలబడింది నువ్వే కదా?”

అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ రోజు వీధి మలుపు దాకా ఆమెకు కనిపించింది అమ్మ వీపు ఒక్కటే.

“చూసిందిరా,” అంది, పాచిక బల్ల మీద పెట్టేస్తూ. “మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.”