వేపచెట్టుకు బొట్టు

తెల్లారేసరికి కోరుట్ల రోడ్డుకు అడ్డంగా పెద్ద వేపచెట్టు నరికి పడేసి ఉంది.

తెలంగాణ ఉద్యమం రోజులవి. చెట్టును చూడగానే అందరూ బంద్ అనుకున్నారు. బస్సులు డిపోకు మళ్లాయి. ఆటోలు కదల్లేదు. దుకాణాల షట్టర్లు దిగాయి. బంద్‌కు ఎవరూ పిలుపివ్వలేదని తెలిసేసరికి మధ్యాహ్నమైంది.

అప్పటికే నరేందర్ దుబాయ్ విమానం తప్పిపోయింది. ఆ రోజు ఎక్కకపోతే వీసా మురిగిపోతుంది. అది తెచ్చింది పిల్లనిచ్చిన మామ యాదగిరి. ఆయన మాటకు ఆ ఇంట్లో ఎదురులేదు.

నరేందరే పోలీస్ స్టేషన్‌కు పోయి జమేదారు రాజనర్సును పిలుచుకొచ్చాడు.

"నా నోటికాడి బుక్క గుంజినోన్ని ఇడ్వద్దు సార్!" అని గుండెలు బాదుకున్నాడు.

జమేదారు మొద్దు చుట్టూ తిరిగి ఆగిపోయాడు. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"ఉద్యమపోళ్లు గింత నిమ్మలంగ బొట్టు పెట్టి నరుకుతరా?"

అందరి చూపులూ నరేందర్ తల్లి మొగిలవ్వ వైపు తిరిగాయి. బొట్టు పెట్టి మొక్కనిదే చెట్టు మీద గొడ్డలి వెయ్యొద్దని ఊరందరికీ చెప్పేది ఆమే.

మొగిలవ్వ బొట్టు వంక చూసింది. కొడుకు వంక చూసింది.

"నేనే నరికిన సార్. పోయినోడు మల్ల ఎన్నేండ్లకు కండ్లపడ్తడో అని నరికిన."

జనం గొల్లుమన్నారు. ఆమె కట్టె ఊతం లేనిదే లేవలేదు.

"నువ్వు గొడ్డలి లేపుతవా అవ్వా? గొడ్డలే నిన్ను లేపుతది!" అన్నాడు జమేదారు.

"నవ్వుడు కాదు, గిది ఇంటోళ్ల పనే సార్!" అల్లుణ్ని సాగనంపడానికొచ్చిన యాదగిరి పళ్లు కొరికాడు.

"కూసున్న కొమ్మను ఎవలన్న నరుక్కుంటరానే? గట్ల నరుక్కునేటోన్ని పిచ్చోడంటరు. చూడు, నీ అల్లుడు ఎట్ల ఏడుస్తుండో!" అన్నాడు జమేదారు.

ఆయన వెళ్లిపోయాడు. యాదగిరి అలిగి తన ఊరికి నడిచాడు.

పెళ్లయి ఇంకా ఏడాది నిండని నీల, భర్తను పెరట్లోకి పిలిచి, అతని అరచేతుల్లో చిట్లిన బొబ్బలకు పసుపు అద్దింది.

"కూసున్న కొమ్మనే నరుక్కుంటివి గదయ్యా!"

"నరకకుంటే నీ పక్కన కూసునుడెట్లనే?" అన్నాడు నరేందర్.