పాప పాకెట్

ఉదయం ఏడున్నరకు, మొదటి షిఫ్టులో, తేదీలు వేసే మెషిన్ ఆపరేటర్ దొరికిపోయాడు.

బిస్కెట్ ఫ్యాక్టరీలో అతని పని ఒక్కటే. బెల్టు మీద వచ్చే పాకెట్ల వెనక గడువు తేదీ సరిగ్గా పడుతోందో లేదో చూడాలి. ఆ ఉదయం ఆ పాకెట్ల మధ్య ఇంటి నుంచి తెచ్చిన పాకెట్ ఒకటి పెట్టాడు. దాని మీది తేదీని ముందే తుడిచేశాడు. కొత్త తేదీ పడింది. అతను అందుకునేలోగా దాని మీద సూపర్‌వైజర్ చెయ్యి పడింది.

ప్యాకింగ్ టేబుల్ దగ్గర పంచాయితీ మొదలైంది.

"ఏ షాపువాడితో బేరం కుదుర్చుకున్నావయ్యా? ఎన్ని దాటించావు?"

"బేరం లేదు సార్. ఇదొక్కటే. మా ఇంట్లోది."

సూపర్‌వైజర్ పాకెట్ తిప్పాడు. ముందు వైపు స్కెచ్ పెన్నుతో పిల్లల రాత. పైకి చదివాడు.

"ఇది నాది. నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మీ పని చెప్తా."

ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు నవ్వారు. "గడుగ్గాయే!" అంది ఒకామె.

"మా పాప రాసింది సార్, హాస్టల్‌కి వెళ్తూ. వాళ్లమ్మ అలమరలో దాచింది. రోజూ పొద్దున్నే తీసి తేదీ చూస్తుంది."

"చూస్తే ఏమైంది?"

"దాటిందంటే ప్రశ్నలు మొదలుపెడుతుంది."

"పెళ్లాం ప్రశ్నలకి భయపడి దొంగ తేదీ వేశావా!"

ఈసారి మగవాళ్లు కూడా నవ్వారు. ఆపరేటర్ నవ్వలేదు.

క్వాలిటీ మేడమ్ వచ్చింది. పాకెట్‌ని లైటు కింద పెట్టి చూసింది. తేదీ ఉన్న చోట ప్లాస్టిక్ మెరుపు పోయింది. కింద మరో తేదీ మరక ఉంది. దాని కింద ఇంకోటి.

"ఇది మొదటిసారి కాదు" అంది.

"కాదు మేడమ్."

"బిస్కెట్ తేదీ దాటగానే విషమైపోదు. తడి తగలకపోతే కొన్నాళ్లు ఆగుతుంది. ముందు చెడేది అందులోని నూనె. అది పైనుంచి తెలీదు. విప్పాలి."

"విప్పకండి మేడమ్." అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "మీ కాళ్లు పట్టుకుంటాను. విప్పకండి."

"తప్పు లేనివాడికి అంత కంగారు దేనికి?" అన్నాడు సూపర్‌వైజర్.

మేడమ్ కత్తెరతో అంచు కత్తిరించింది. ఒక బిస్కెట్ విరిచింది. విరిగిన చప్పుడు రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుక చివర ఆనించి, రుమాల్లో ఉమ్మేసింది.

"పెయింటు వాసన. నూనె పోయింది. ఇది మనిషి తినేది కాదు."

"ఎవరూ తినరు మేడమ్."

"పాపదన్నావుగా?"

అతను తెగిన అంచును వేళ్లతో మూశాడు.

"అన్నా, మరీ ఇంత పిసినారివనుకోలేదు" అంది ఇందాకటి ఆమె. "స్టాఫ్ షాపులో సగం ధరకే ఇస్తారు. కన్నబిడ్డకి కొత్త పాకెట్ కొనడానికి చేతులు రాలేదా?"

"కొత్తది వద్దక్కా. ఇదే కావాలి."

ఫ్యాక్టరీ నియమం ప్రకారం చెడిన సరుకు గేటు దాటకూడదు. తేదీ దిద్దిన కవరు అసలే దాటకూడదు. మేడమ్ బిస్కెట్లను పశువుల దాణాకి పంపే డబ్బాలో పోయించింది. కవరు తీసుకుంది.

"కవరైనా ఇవ్వండి మేడమ్. రాత ఉన్న ముక్క చాలు."

"రేపు అది ఏ షాపులో తేలినా నా ఉద్యోగం పోతుంది బాబూ."

కవరు ముక్కలు చేసే మెషిన్‌లోకి వెళ్లింది. అతన్ని వారం రోజులు పనిలోకి రావద్దన్నారు. తిరిగి తీసుకునేదీ లేనిదీ తర్వాత చెబుతామన్నారు.

పోతూ పోతూ స్టాఫ్ షాపులో అదే రకం పాకెట్ కొన్నాడు. "హమ్మయ్య, పర్సు తెరుచుకుంది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అతను బస్టాపు పక్క కొట్లో స్కెచ్ పెన్ను కొన్నాడు. వచ్చిన బస్సు ఎక్కలేదు. బెంచీ మీద కూర్చుని, పాకెట్ ఒళ్లో పెట్టుకుని, గుర్తున్నంత వరకు అలాగే రాశాడు.

ఇంట్లో భార్యకు తోడుగా పక్కింటి పిన్ని ఉంది. అతన్ని చూసి, "ఇంత పొద్దున్నే వచ్చేశావేం నాయనా?" అంది. అతను జవాబు చెప్పేలోగా భార్య వంటింట్లోంచి వచ్చింది.

"అలమరలో పాప పాకెట్ కనపడటం లేదండీ. మీరు గానీ తీశారా?"

అతను పాకెట్ ఇచ్చాడు. ఆమె ముందుగా వెనక్కి తిప్పి తేదీ చూసింది. గోడ మీది క్యాలెండర్ చూసింది.

"తేదీ బాగానే ఉంది" అంది. తర్వాత ముందు వైపు తిప్పింది. వేలితో అక్షరాలు తడిమింది.

"ఇది పాప రాత కాదు."

"అదే..."

"దాని చేతిరాత నాకు తెలీదా? పాపది ఏదండీ? అదొచ్చి అడిగితే ఏం చెప్పమంటారు? అయినా ఇన్నాళ్లయింది, ఇంకా రాదేం?"

పిన్ని లేచి వచ్చి ఒక కుర్చీ జరిపి, దాని వెనక నిలబడింది. అతను భార్యను అందులో కూర్చోబెట్టాడు. ఎదురుగా నేల మీద కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆమె తలకు దెబ్బ తగిలిన ప్రమాదంలోనే పాప పోయిందని చెప్పడం అతనికి ఇది నాలుగోసారి, వినడం ఆమెకు ప్రతిసారీ మొదటిసారే.