చెయ్యెత్తేదాకా

ముసలాయన నేరుగా వచ్చి, సొంతింట్లో కూర్చున్నట్టు మానిటర్ ముందున్న కుర్చీలో కూర్చున్నాడు.

"తాతా, అది డైరెక్టర్ కుర్చీ. లే," అన్నాడు బాబ్జీ.

"పొరపాటైంది బాబూ." లేచి నిలబడ్డాడు. "షూటింగ్ చూద్దామని వచ్చాను."

యూనిట్‌కి వంటచేసే ఈ దీవి మనిషి గవరమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"మా రమణయ్య బాబాయి, భయ్యా! ప్రోతరాపూర్ నుంచి బస్సులో వచ్చారు. ఓ పక్కన నిలబడతారు. టెన్షన్ మత్ లో, టెన్షన్ పడకండి!"

బాబ్జీకి టెన్షన్ పొద్దున్నించే ఉంది.

డైరెక్టర్‌గా తను తీసిన రెండు సినిమాలూ పోయాయి. ఇది పెద్ద హీరో దేవేంద్ర సినిమా. దేవేంద్రకి నచ్చకపోతే ఈ మూడోది కూడా చేజారుతుంది.

దేవేంద్ర సెట్లో ఒకటే చట్టం. షాట్ మొదలయ్యాక ఆయన చెయ్యెత్తేదాకా ఎవరూ కట్ చెప్పకూడదు.

ఆయనకి తొలి వేషమిచ్చిన డైరెక్టరే రెండో సినిమాలో షాట్ మధ్య కట్ చెప్పాడట. మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకడున్నాడు. ఆ పెద్దమనిషి తర్వాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ కథ తప్పకుండా చెబుతారు.

ఇవాళ్టి షాట్, హీరో సముద్రంలో మునిగిపోవడం. కాపాడే ఈతగాళ్లు ఫ్రేములో పడకుండా రాళ్ల వెనక పడవలో ఉన్నారు. కట్ వినబడితేనే వాళ్లు దూకాలి.

"యాక్షన్!"

అల దేవేంద్రని కప్పేసింది. తల పైకొచ్చింది. నోరు తెరుచుకుంది. మళ్లీ మునిగింది.

"ఏం చేస్తున్నాడండీ!" మురిసిపోయాడు కెమెరామన్.

బాబ్జీ ఆయన చెయ్యి కోసం చూశాడు.

చెయ్యి లేవలేదు.

నటనైతే, కట్ చెప్పినవాడి బతుకు ఇక్కడితో సరి. కాకపోతే?

బాబ్జీ కట్ చెప్పబోయి ఆగిపోయాడు. ఆయన చచ్చిపోతాడని కాదు తన భయం, బతికొచ్చి నిలదీస్తాడని. అది బాబ్జీకే తెలిసింది.

"బాబూ, కట్ చెప్పు." వెనకనుంచి ముసలాయన.

"నోర్ముయ్ తాతా!"

"నటించేటప్పుడు వాడు కళ్లు మూయడు. ఇప్పుడు మూశాడు. చెప్పు!"

దేవేంద్రని 'వాడు' అన్న మనిషిని బాబ్జీ ఎప్పుడూ చూడలేదు. ఆ మాటకే ఇంకా భయమేసింది.

"కట్!"

ముసలాయన బక్క ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చిందో. రాళ్లు మారుమోగాయి. ఈతగాళ్లు దూకారు.

బాబ్జీ ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నా బతుకు తీశావు కదరా!" అంటూ సెట్ చుట్టూ కట్టిన తాడు అవతలికి ఒక్క తోపు తోశాడు.

ముసలాయన ఇసుకలో పడ్డాడు.

"అరె భయ్యా, పెద్దాయన్నలా తోస్తారేటి!" గవరమ్మ కేకేసింది.

ఆయన లేచి ఇసుక దులుపుకున్నాడు. ఈతగాళ్లు దేవేంద్రని ఒడ్డుకి చేర్చేదాకా అక్కడే నిలబడి చూశాడు. దేవేంద్ర దగ్గాక, రోడ్డువైపు నడిచాడు.

దేవేంద్ర నీళ్లు కక్కి, కళ్లు తెరిచాడు.

"కట్ ఎవరు చెప్పారు?"

బాబ్జీ చేతులు జోడించాడు. "నేను కాదు సార్! అమ్మతోడు, నేను కాదు. ఎవడో ముసలాడు. తోసి పారేశాను."

దేవేంద్ర మోచేతుల మీద లేచాడు.

"నువ్వు కాదని నీళ్లలోనే తెలిసింది. ఆ గొంతు ఏదీ?"

గవరమ్మ గరిటెతో రోడ్డువైపు చూపించింది. ప్రోతరాపూర్ బస్సు మలుపు తిరుగుతోంది.

"ఎవరు సార్ ఆయన?" అడిగాడు బాబ్జీ.

దేవేంద్ర తూలుతూ వెళ్లి, మానిటర్ ముందున్న ఖాళీ కుర్చీ మీద తడి చెయ్యి ఆనించాడు.

"ఇందులోంచి ఆయన్ని మొదట లేపింది నేనే," అన్నాడు.