వెలితి పీపా

"కొరికి చూడప్పా!" అంటూ గనుల డాక్టరు రెండు మాత్రలు రామలింగప్ప చేతిలో పెట్టాడు.

ఒకటి కటిక చేదు. రెండోది ఉత్త పిండి.

"ఒకనికి మందెక్కువై చెవుల్లో గుయ్యిమంటాండాది. ఇంకొకనికి చలిజ్వరమే తగ్గల్యా. బుధవారం మళ్లీ వస్తా. అప్పుడూ ఇట్లే ఉంటే ఆర్డరు మద్రాసుకు పోతాది."

అవి యుద్ధం రోజులు. ఎర్రగుంట్ల రాళ్ల గనుల కూలీలకు ఇరవై వేల క్వినైన్ మాత్రలు కావాలి. మైదుకూరు వైద్యుడు రామలింగప్ప కల్వంలో నూరితే పూటకు వందే. అందుకే ఎద్దులను అమ్మి, మందూ పిండీ కలపడానికి పిడి పట్టి తిప్పే పెద్ద చెక్క పీపా చేయించాడు.

మందు రుచి చూసే సుంకమ్మ అప్పుడు మహానందిలో ఉంది. ఇరవై ఏళ్లుగా ఆమె "ఊఁ" అంటేనే ఆ ఇంట్లో మాత్ర కట్టేది. ఈసారి ఆమె లేకుండానే కట్టేశారు.

ఊరు చేరగానే సుంకమ్మ పీపా మూత తీసి చూసింది. పొడి అంచుదాకా ఉంది.

"ఇంత కూరినావేమప్పా?"

"కొత్త పీపా గదమ్మా! వెలితిగా పెడితే అరిష్టం."

"ఆర్డరు పోతే అరిష్టం గాదా? పుల్లయ్యా, తిప్పు!"

పనివాడు పుల్లయ్య పిడి పట్టాడు. సుంకమ్మ చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని, పీపా పక్కనే కూర్చుని కళ్లు మూసుకుంది.

"కలవల్యా. రెండు చేటలు తీయి."

తీశాడు. తిప్పాడు. ఇంకో చిటికెడు.

"ఇంగా తీయి."

"ఆ చేదు నా నోట్లో పడితే మూడు దినాలు పోదు," అన్నాడు పుల్లయ్య. "నువ్వేంది సుంకమ్మక్కా, బెల్లం మాదిరి చప్పరిస్తాండావు!"

"అలవాటప్పా. మాటలు ఆపి తిప్పు!"

తీస్తూ తీస్తూ పీపా సగానికి వచ్చింది. అప్పుడు సుంకమ్మ ముఖం విప్పారింది.

"ఇదీ లెక్క! ఇప్పుడు కలుస్తాండాది."

అక్కడ బొగ్గుతో గీత గీశారు. మందూ పిండీ మళ్లీ మొదటి నుంచి తూచి, గీత వరకే పోసి, ఆమె చాలన్నదాకా తిప్పారు. రామలింగప్ప మాత్రం వెలితి పీపాను చూడలేక అటు తిరిగి కూర్చున్నాడు.

బుధవారం డాక్టరు వచ్చాడు. ఒక్కో సంచిలోంచి ఒకటి చొప్పున పది మాత్రలు తీసి కొరికాడు. పదిసార్లూ ముఖం ఒకేలా చిట్లించాడు.

"అన్నీ ఒకటే చేదు! మిగతావి కూడా మీరే కట్టండప్పా."

రామలింగప్ప ఎగిరి గంతేశాడు. "సుంకమ్మా, నీ నాలుకకు బంగారు తొడుగు చేయిస్తా!"

"నాలుకకు ఎందుకులేప్పా," అని నవ్వింది సుంకమ్మ. "చెవులకు కమ్మలు చేయించు."

రెండేళ్ల కిందటి విషజ్వరంలో నాలుకకు రుచనేదే లేకుండా పోయిన సుంకమ్మ, అప్పటి నుంచి మందు కలిసిందో లేదో కల్వంలోనైనా పీపాలోనైనా పొడి చప్పుడు వినే చెబుతోంది.